‘ట’ మారిన చోటు

‘చిక్కమునియప్ప రైలు వంతెన పేల్చబోయాడట.’

సుబ్బరాయుడు ఆ వార్త రాసి సంపాదకుడు వెంకటగిరియప్ప బల్ల మీద పెట్టాడు. 1942 సెప్టెంబరు. చిక్కపేటలో వాళ్ళ తెలుగు వారపత్రిక నడుస్తున్నదే పోలీసుల దయ మీద.

నేతపని చేసే చిక్కమునియప్ప మగ్గం గుంటలో డైనమైటు పెట్టె దొరికింది. వంతెన కోసమే దాచాడని పోలీసులు పత్రికలకిచ్చిన నోటు. అతని తల్లి భాగీరథమ్మ చెప్పేది వేరు. ఖద్దరు టోపీ పెట్టుకుని, ఒక చెవి తెగిన మనిషి పెట్టె దాచమని మూడుసార్లు వచ్చాడు. మూడుసార్లూ కొడుకు వద్దన్నాడు. నాలుగోసారి తోపుడుబండి మీద పెట్టె తెచ్చి, “ఒక్క పూట ఉంచు తమ్ముడూ, దేశం కోసం” అని గుంటలోకి దించి పోయాడు. గంట తిరక్కుండా పోలీసులొచ్చి, ఇల్లు వెతక్కుండా తిన్నగా గుంటలోనే చెయ్యి పెట్టారు.

నోటు కోసం స్టేషనుకు వెళ్ళినప్పుడు ఆ తెగిన చెవి సుబ్బరాయుడికీ కనబడింది. టోపీ లేదు. ఇన్‌స్పెక్టరు పక్కన కూర్చుని కాఫీ తాగుతున్నాడు.

బండి తోసిన జయరామప్ప సాక్ష్యం ఇంకా గట్టిది. పెట్టెను స్టేషను వెనక పెరట్లోనే బండి మీదికి ఎత్తించారు. సోమవారం కోర్టులో ఆ సంగతి చెబుతానన్నాడు. చెబితే చిక్కమునియప్ప బయటపడతాడు. చెప్పకపోతే పదేళ్ళు.

వెంకటగిరియప్ప కళ్ళజోడు పైకి తోశాడు.

“ఏందప్పా ఈ ‘ట’? పోలీసోళ్ళ మాట నీకు పుకారా?”

“మనం చూళ్ళేదు కదన్నా.”

“తల్లి మాటకు లేదే! ‘పెట్టె తెచ్చినవాడు పోలీసుల మనిషి’ అని శాసనం చెక్కినట్టు రాసినావు. ఈ ‘ట’ తీసి ఆడ పెట్టు. రెండు పక్కలా వేసినట్టుంటాది, పేపరూ బతుకుతాది.”

“వాణ్ణి స్టేషన్లో నేనే చూసినానన్నా.”

“ప్రెస్సుకు తాళం పడితే నీ కళ్ళు తుడిచేది ఎవరు?”

సుబ్బరాయుడు పెన్ను తీశాడు. ‘పేల్చబోయాడట’ కాస్తా ‘పేల్చబోయాడు’ అయింది. పెట్టె తెచ్చినవాడు ‘పోలీసుల మనిషట’ అయ్యాడు. శనివారం పత్రిక వచ్చింది.

ఆదివారం బండ్ల దగ్గర సుబ్బరాయుణ్ణి చూసి జయరామప్ప మొహం తిప్పుకున్నాడు.

“నేను రానప్పా రేపు.”

“బండి తోసింది నువ్వే కదా!”

“తోసినా. హోటల్లో మీ పేపరు చదివి వినిపించినారు. వాడు పేల్చబోయినాడనేది ఖాయంగా ఉండాది. మా మాటకొచ్చేతలికి ‘అట’! చదువుకున్న మీరే నమ్మలేదు, జడ్జి నమ్ముతాడా? నన్నూ లోపలేస్తారు.”

“నమ్మినా జయరామప్పా. ఆ ‘ట’ మా వెంకటగిరన్న పెట్టించినాడు.”

“రాసిన చెయ్యి?”

“నాదే.”

జయరామప్ప అతన్ని కింది నుంచి పైదాకా చూశాడు.

“అట్లయితే సరిపాయె. నువ్వూ రా. ఆ చెవితెగినోణ్ణి స్టేషన్లో చూసినానని నువ్వు ముందు చెప్పు. నీ వెనకాలే నేను చెప్తా.”



“రేపు... పేపరు పని ఉండాదప్పా.”

“ఉంటాది, ఉంటాది. పెద్ద పని మీది,” అంటూ జయరామప్ప బండి కదిలించాడు.

సోమవారం కోర్టు మెట్ల మీద భాగీరథమ్మ సాయంత్రం దాకా దారి చూసింది. ఇద్దరిలో ఒక్కడూ రాలేదు.