ఐస్‌పెట్టెలో కట్లెట్ల మధ్య

సముద్రానికి బయల్దేరే వారం ముందు నుంచీ దోబ్రిలా వంటింట్లో యుద్ధమే. గ్రీసులో పది రోజులుంటే, పది రోజుల తిండీ సెర్బియాలో, ఉజిత్సెలోని ఇంటి నుంచే మోసుకుపోవాలి. హోటలు వాడి నూనెని ఆమె నమ్మదు. కట్లెట్లు వేయించి, మిరపకాయల్లో మాంసం కూరి, అన్నీ రాళ్లలా గడ్డకట్టించి ఐస్‌పెట్టెలో పేర్చింది. మొగుడు రాతోమిర్‌కి షుగరు. అతను పొడుచుకునే ఇన్సులిన్ పెన్నులు చల్లగా ఉంచాలని నర్సు చెప్పింది కదా, ఆ నాలుగింటినీ కట్లెట్ల మధ్య దోపింది. చల్లదనానికి లోటు చేసే మనిషి కాదు మరి.

ముప్పై ఒక్కేళ్లుగా రాతోమిర్ తన చేతిరుమాలు కూడా తాను సర్దుకోలేదు. ఎవరేమడిగినా అంతా దోబ్రిలాకే తెలుసంటాడు. ఆ మాటతో ఆమెకి కడుపు నిండిపోతుంది.

సరిహద్దు దగ్గర బస్సు రెండు గంటలు ఎండలో ఆగింది. పాత పెన్ను ఆ పొద్దుటితో అయిపోయింది, భోజనానికి ముందు కొత్తది కావాలి. దోబ్రిలా పెట్టె తీసి చూస్తే నాలుగింటిలోనూ మందు గడ్డకట్టి ఉంది. ఎవరూ చూడకుండా ఒకదాన్ని చంకలో పెట్టుకుని కరిగించింది. కరిగాక మామూలుగానే కనబడింది. మందు మందే కదా అని సర్దిచెప్పుకుని అతని చేతికిచ్చింది. అతను దానివంక చూడనైనా చూడకుండా పొడుచుకున్నాడు.

సాయంత్రం షుగరు మీటరు పదిహేడు చూపించింది, మన లెక్కలో మూడొందల పైమాటే. ఇంట్లో పది దాటితేనే ఆమె అతన్ని బతకనిచ్చేది కాదు. పుచ్చకాయ వల్లే అంది. మర్నాడు పొద్దున ఇరవై ఒకటి. ఈసారి గ్రీకు రొట్టెని తిట్టింది, బస్సు కిటికీలోంచి అతని వీపుకి కొట్టిన గాలిని తిట్టింది. రాతోమిర్ సీసాలకి సీసాలు నీళ్లు తాగుతున్నాడు, మాటిమాటికీ బాత్రూముకి లేస్తున్నాడు. దోబ్రిలాకి కాలు ఒకచోట నిలవలేదు. తువ్వాళ్లు మడిచింది, విప్పింది, మళ్లీ మడిచింది. చెబితే పరువు పోతుంది, చెప్పకపోతే మనిషే పోయేట్టున్నాడు. ఇందులో ఏది ఎక్కువో తేల్చుకోడానికి ఆమెకి మధ్యాహ్నం దాకా పట్టింది. అందుకు తనని తాను ఎప్పటికీ క్షమించుకోలేదు.

కట్లెట్ల పళ్లెం ముందు పెట్టగానే అతను వాంతి చేసుకున్నాడు. అప్పుడు చెప్పేసింది.

"ఏమయ్యా, ఆ మందు పాడైపోయింది. నేనే గడ్డకట్టించాను."

రాతోమిర్ మూతి తుడుచుకున్నాడు.

"నీకెప్పుడు తెలిసింది?"

"సరిహద్దు దగ్గరే."

అతను గోడ పట్టుకుని లేచి, ఆస్పత్రికి వెళ్లడానికి చెప్పులేసుకున్నాడు. తిట్టినా బాగుండుననిపించింది ఆమెకి.

ఆస్పత్రిలో సెలైను ఎక్కించి, కొత్త ఇన్సులిన్ ఇచ్చారు. ఒకసారి గడ్డకట్టిన మందుని కరిగించినా నమ్మకూడదని, వాడుతున్న పెన్నుకి ఐసు అక్కర్లేదని, ఎండా వేడీ తగలకుంటే చాలని డాక్టరమ్మ తనకొచ్చిన నాలుగు సెర్బియన్ ముక్కల్లో చెప్పింది. మర్నాటికి అంకె తొమ్మిదికి దిగింది. దోబ్రిలాకి ప్రాణం లేచొచ్చింది. నర్సు కొత్త పెన్నులు తెచ్చేసరికి, అలవాటుగా తన సంచి తెరిచి పట్టుకుంది.

"ఇవి నా దగ్గరుండనీ, దోబ్రిలా," అన్నాడు రాతోమిర్, కోపమేమీ లేకుండానే.

ఆమె సంచిని అలాగే తెరిచి పట్టుకుని నిలబడిపోయింది.