నోరు కట్టుకున్న ఊరు

చింతపండు పులుసు గోళ్ళ సందుల్లోకి దిగి చురుక్కుమంటుంటే రామతులసి దీపపు కుందులు తోముతోంది. మందు ఎక్కించుకోవడం మొదలైన దగ్గర్నుంచి గోళ్ళు నల్లబడ్డాయి, వేళ్ళ చివర్లు పగిలాయి. అయినా కుందులు మెరవాలి. గుమ్మంలో నిలబడ్డ అత్తగారు వంగి చూసి, "అడుగున చిలుము అలాగే ఉండిపోయిందమ్మా. నీ ప్రాణం కోసం చేసే పూజ. నువ్వే శ్రద్ధ పెట్టకపోతే ఎలా?" అన్నారు.

రొమ్ములో గడ్డ క్యాన్సరని తేలిన వారమే ఆవిడ పదకొండు శుక్రవారాల వ్రతం మొక్కుకున్నారు. మొక్కు ఆవిడది, ఒళ్ళు మాత్రం కోడలిది. తెల్లవారకముందే లేచి తలస్నానం చెయ్యాలి. జుట్టే లేని తలకు తలస్నానం ఏమిటని అడిగేవాళ్ళు లేరు. తడిబట్టతో మడిగా నైవేద్యం వండాలి. పొద్దుగూకి ముత్తైదువులకు వాయనాలిచ్చేదాకా మంచినీళ్ళు కూడా ముట్టకూడదు. బచేలి ఇనుపగనుల టౌన్‌షిప్‌లో తెలుగువాళ్ళకు కొదవ లేదు. పిలవగానే వచ్చేవాళ్ళు, తాంబూలం పుచ్చుకుని "మీ అత్తగారు దేవతండీ" అనేసి వెళ్ళేవాళ్ళు. వాళ్ళు తిన్న పళ్ళేలు కడుగుతూ, నిజమే కాబోలు అనుకునేది రామతులసి. గనిలో షిఫ్టు దిగి ఇంటికొచ్చిన ఉమామహేష్, గోడకు చేరగిలబడ్డ భార్యను చూసి, "అమ్మ ఇదంతా ఎవరికోసం చేయిస్తోంది? నీకోసమేగా!" అనేవాడు. ఆ మాటకు ఎదురు చెప్పడానికి నోరెలా వస్తుంది? ప్రేమ మీద ఫిర్యాదు తీసుకునే ఆఫీసు ఏ ఊళ్ళోనూ లేదు.

దేవుడి మీద నమ్మకం లేక కాదు. సూది గుచ్చిన ప్రతిసారీ లోపల్లోపలే "అమ్మా, నువ్వు పక్కనుండు" అనుకునేది. అంతకు మించి ఆమెకు మంత్రాలు రావు. ఆస్పత్రి మంచం మీద ఆ తల్లి ఉన్నట్టే అనిపించేది. ఇంట్లో పూజగదిలోకి వస్తే మాత్రం తల్లి కనబడేది కాదు, చెయ్యాల్సిన పని కనబడేది.

పోయినసారి మందు కోసం విశాఖపట్నం వెళ్తే, అక్కడ రక్తపరీక్ష చూసి డాక్టరమ్మ తల అడ్డంగా ఊపింది. "కణాలు బాగా పడిపోయాయి. అసలు తింటున్నారా? ఇలాగైతే మందు ఎక్కించలేను. ఇంకోసారి వెనక్కి పోయారంటే ఆ గడ్డ మన మాట వినదు" అని తిప్పి పంపేసింది. ఆ సంగతి విన్న అత్తగారు, "మడిలో ఏదో తేడా వచ్చింది. నాకప్పుడే అనిపించింది" అని మంగళవారాలు కూడా ఒంటిపూట చేయించారు. పెనం మీంచి పొయ్యిలో పడ్డట్టయింది. ఇప్పుడు మళ్ళీ ఆస్పత్రికి వెళ్ళాల్సిన వారంలోనే ఆఖరి శుక్రవారం వచ్చి కూర్చుంది. ఆ మంగళవారం పొద్దున్నే రైలెక్కిస్తూ ఉమామహేష్ అన్నాడు. "టెస్టు చేయించుకుని గురువారానికల్లా వచ్చెయ్. మందు వచ్చేవారం ఎక్కించుకోవచ్చు. వ్రతం మధ్యలో ఆగితే అమ్మ తట్టుకోలేదు." రామతులసి ఏం తట్టుకోగలదో అడిగినవాళ్ళు లేరు.

గీదం స్టేషన్లో ఎదుటి సీట్లోకి ఒక జంట ఎక్కింది. ఆమె తలకు కూడా గుడ్డ చుట్టి ఉంది. గుడ్డ చుట్టుకున్న తలలు ఒకదాన్నొకటి ఇట్టే గుర్తుపడతాయి. పేరు మంగి, మగడు ముయా, ఆవపల్లి అవతల ఏదో చిన్న ఊరు. అడవిలో నడిచి, జీపెక్కి, బస్సెక్కి ఇక్కడికి చేరారట. అదే ఆస్పత్రి, అదే మందు. వాళ్ళ దోర్లీ భాష తెలుగుకు దగ్గరి చుట్టమే కాబట్టి జగదల్‌పూర్ వచ్చేసరికి వాళ్ళ మధ్య మాటలు కలిసిపోయాయి.

ముయా సంచిలోంచి పచ్చి మామిడికాయ తీసి, కడిగి, ముక్కలు కోసి, ఉప్పు అద్ది భార్య చేతికిచ్చాడు. తను ఒక్క ముక్క కూడా ముట్టలేదు. గుటకలు మాత్రం మింగుతున్నాడు.

"మీరు తినరా అన్నా?" అంది రామతులసి.

"నాకు కట్టున్నది" అన్నాడతను దిగులుగా.

మంగి పకపకా నవ్వింది. "మా తాన మామిడి పండుం, గదే పండుగ, చేసి ఊరి తల్లికి పెట్టందే ఎవలూ కొత్తకాయ ముట్టరక్కా. ఈపాటికి పండుగ అయిపోవాలె. మా పూజారి ఏమన్నడంటే, మంగికి మందు అయ్యేదాంక ఆపుదం, ఊరంత నోరు గట్టుకుందం, తల్లికి తెలుస్తది అన్నడు. ఇట్లెన్నడూ చెయ్యలే. నాకోసమని చేసిండ్రు."

"మరి నువ్వు తింటున్నావుగా?"

"నేనెందుకు కట్టుకుంట?" మంగి వింతగా చూసింది. "బీమారి నాకాయె. నాకు బలం గావాలె. ఉపాసం ఒళ్ళు మంచిగున్నోళ్ళు ఉండాలె గద! పోరగాళ్ళయితే చెట్టు కింద నిలబడి, అత్తా, జల్ది మంచిగయ్యి రాయే అని నన్ను తిడుతున్నరంట."

రామతులసికి ఎన్నడూ చూడని ఆ ఊరు కళ్ళకు కట్టింది. గాలికి కాయలు రాలుతున్నాయి. పిల్లలు ఏరి కుప్ప పోస్తున్నారు. ఏ ముసలమ్మో ఒక కాయ చేతికి తీసుకుని, వాసన చూసి, పక్కన పెట్టేస్తోంది. ఒక్కరూ కొరకడం లేదు. ఎవరో మహారాణి కోసం కాదు, ఈ మంగి కోసం, పళ్ళలో ఇరుక్కున్న పీచును వేలితో లాక్కుంటున్న ఈ మంగి కోసం. ఒక ఆడమనిషి బతకాలని ఊరు ఊరంతా తన ఆకలి తీసుకెళ్ళి తల్లి ముందు పెట్టిందే! ఇంత పెద్ద ప్రార్థన ఈ కొండల వెనకే జరుగుతోందా, తను కుందులు తోముకుంటూ కూర్చున్న ఇంటికి ఇంత దగ్గర్లో? ఆమె చేతులు వాటంతటవే జోడించుకున్నాయి. ఏమీ అడగాలనిపించలేదు. పూజగదిలో ఇన్నాళ్ళూ కనబడని తల్లి ఆ రైలుపెట్టెలో, ముయా మింగిన గుటకలో ఉందనిపించి కళ్ళు నిండిపోయాయి.

"ఏందక్కా ఏడుస్తున్నవు? ఇగో, తిను. నీకు కట్టు లేదు గద!"

ఆ రోజు ఒంటిపూట. తినే ఆ ఒక్కపూట వేళ కూడా ఇంకా కాలేదు. రామతులసి ముక్క అందుకుని కొరికింది. నోట్లో పుళ్ళు భగ్గుమన్నాయి. ఇనుము నాకినట్టుండే నాలుకకు ఎన్నాళ్ళకో పులుపు తెలిసింది. ఇంకో ముక్క అడిగి తీసుకుంది.

మర్నాడు డాక్టరమ్మ రక్తపరీక్ష చూసి, "కణాలు అంచున ఉన్నాయి. తిండి మాత్రం మానకండి. శుక్రవారం ఎక్కిద్దాం" అంది. రామతులసి వరండాలోకి వచ్చి ఇంటికి ఫోన్ చేసింది.

"శుక్రవారం మందు ఎక్కిస్తారండీ. నేను రావడం లేదు."

ఉమామహేష్ నసిగాడు. "మరి వ్రతం? ఆఖరి వారం కదా! అమ్మకేం చెప్పమంటావ్? ఇదంతా నీకోసమేగా..."

"నాకోసమే. అందుకే వ్రతం ఆపొద్దంటున్నాను" అంది రామతులసి. "దీపం అత్తయ్యగారు పెడతారు. మీరు తలస్నానం చేసి, పొద్దుగూకేదాకా ఏమీ ముట్టకండి. ఈ శుక్రవారం నా కోసం మీరు ఆకలితో ఉండండి. నేను తింటాను."