జానెడు ఇవతల

తను కన్నుమూసే నాటికి కూడా కూతురు కూర్చోబెట్టినచోటే కూర్చుని ఉంటుందేమోనన్నది కామమ్మకున్న అన్నిటికన్నా పెద్ద భయం. ఆ భయంతోనే ఆ పొద్దున కూడా జువ్వలదిన్నె సముద్రపొడ్డున, అల తగిలీ తగలని చోట, కొబ్బరి చిప్పతో గుంట తవ్వింది. నాలుగేళ్ల పెంచలమ్మను అందులో నిలబెట్టి నడుము దాకా తడి ఇసుక కూరింది. రెండేళ్లప్పుడు వచ్చిన జ్వరం బిడ్డ కాళ్లలో సత్తువంతా లాక్కుపోయింది. నలభై రోజులు ఇలా నిలబెడితే కాళ్లు గట్టిపడతాయని మంత్రసాని చెప్పింది. ఆ నలభై నిన్నటితో అయిపోయాయి. మనసొప్పక ఇంకొక్క రోజని వచ్చింది. రేపటి నుంచి రాకూడదనుకుంది.

ఎండ చురుక్కుమనగానే బిడ్డను పైకి తీసి, కాళ్లు తుడిచి, చంకనేసుకుని దిబ్బ మీదికి నడిచింది. నిన్న ఎండకు ఆరబోసిన నెత్తళ్ల చేపల్ని తిరగెయ్యాలి. ఇరవై మూడేళ్లకే ఆమె నడుము కాస్త వంగింది. వేళ్ల సందుల్లో ఉప్పు కోసిన గాట్లు ఎప్పుడూ ఎర్రగానే ఉండేవి.

పోలేరమ్మ కొలుపని ఆ రోజు పడవలు దించలేదు. మైపాడు వాళ్లకూ ఈ ఊరి వాళ్లకూ చెడుగుడు, ఐదాటల పందెం. ఆడవాళ్లు నెత్తళ్లు తిరగేస్తూనే చూస్తున్నారు. మైపాడు వాళ్లలో చిన్నపోలయ్య అని ఒకాయన ఉన్నాడు. నలభై దాటిన మనిషి, చెంపలు నెరిసినాయి, డొక్కలు లోపలికి పోయినాయి. కూతకు వచ్చిన ప్రతి ఆటలోనూ దొరికిపోతున్నాడు.

"ఈ ముసిలాయన కూతకొస్తే చాలు, మనోళ్లకు పండగే గదక్కా" అని తోటికోడలు వెంకటశేషమ్మ నవ్వింది. కుర్రవాళ్లయితే, తాతా, నీ మనవణ్ని పంపు అని కేకలేశారు.

కామమ్మ నవ్వలేదు. ఆమెకు ఒకటి వింతగా తోచింది. నలుగురు మీద పడి అదిమినా ఆయన చెయ్యి నడిగీత వైపు చాచే ఉంటోంది. వాళ్లు లేచిపోయాక, తను లేవబోయే ముందు, ఆ చెయ్యి పడినచోట వేలితో చిన్న గీత గీస్తున్నాడు. ఎందుకు? నెత్తళ్లు వదిలేసి బరి దగ్గరికి జరిగింది. మూడో ఆట, నాలుగో ఆట. మళ్లీ దొరికాడు, మళ్లీ గీశాడు. ఐదో ఆటలో కూత గొంతులో సన్నబడిపోతుండగా పాక్కుంటూ వచ్చాడు. ఊరంతా లేచి నిలబడింది. తన ఊరు గెలవాలన్న మాటే కామమ్మ మరిచిపోయింది. గీతకు జానెడు దూరంలో ఆయన ఊపిరి తెగింది. మైపాడు ఓడిపోయింది.

నీళ్లకని వచ్చిన ఆయనకు కామమ్మే చెంబందించింది. అడగకుండా ఉండలేకపోయింది.

"అన్నా, దొరికిపోతావని తెలిసీ ఎందుకు పోతా ఉండావు? ఆ గీతలేంది?"

చిన్నపోలయ్య తాగి మూతి తుడుచుకున్నాడు. "పడిన కాడ గురుతు పెట్టుకుంటానమ్మా. మొదటాటలో రెండు బారల అవతల పడినా. ఇప్పుడు జానెడు. చూసేవాళ్లకు ఐదుసార్లు పడిందే కనపడతాది."

"ఆట అయిపోయె గదా."

"వచ్చే ఏడు కొలుపు లేదా ఏంది?" అని చెంబు తిరిగిచ్చి, ఆమె చంకలోంచి వేలాడుతున్న బిడ్డ కాళ్లను ఒకసారి చూసి, తన వాళ్లతో వెళ్లిపోయాడు.

ఇంటిదారి పొడుగునా కామమ్మ ఒకటే ఆలోచించింది. పెంచలమ్మ ఎక్కడ పడుతోందో తనెప్పుడూ చూడలేదు. ఒరిగితే చాలు, చప్పున ఎత్తుకునేది. నేలను తాకనిస్తే కదా తెలిసేది.

ఆ సాయంత్రమే గుడిసె గుంజ నుంచి దిబ్బ మీది గుంజ దాకా, బిడ్డ చేతికందే ఎత్తులో, పాత వల తాడు కట్టింది. రెండు చేతులా తాడు పట్టించి వదిలేసింది. తన చేతులు ముందుకు పోకుండా వెనక్కి కట్టుకుంది. పెంచలమ్మ ఒక కాలు ఈడ్చింది, రెండోది ఈడ్చింది, కూలబడింది. ఏడ్చింది. కామమ్మా ఏడ్చింది. ఏడుస్తూనే చీర అంచు చించి, బిడ్డ పడినచోట తాడుకు పేలిక కట్టింది. మర్నాడు తెల్లారకముందే మళ్లీ గుంట తవ్వింది, ఎండెక్కాక మళ్లీ తాడు పట్టించింది. పేలికలు కొన్నాళ్లు కదల్లేదు. తర్వాత జానెడు, బెత్తెడు చొప్పున దిబ్బ వైపు పోసాగాయి.

ఇది రెండేళ్ల కిందట, అరవై మూడులో మాట. ఆ పైన రెండు వానాకాలాలే కామమ్మ బతికింది. మూడు రోజులు జ్వరం కాసింది. నాలుగో రోజు గంప ఎత్తబోయి, తల తిరుగుతోందని గుడిసె నీడన పడుకుంది. లేవలేదు. పెంచలమ్మ అప్పుడు తాడు పట్టుకుని సగం దారిలో నిలబడి, అమ్మా చూడు అని పిలుస్తూ ఉందట.

బిడ్డ ఇప్పుడు వెంకటశేషమ్మ దగ్గర ఉంది. మీలో ఎవరైనా అటు పోతే ఒక్కసారి ఆ పిల్లను చూసి రండి. అడిగితే ఎవరైనా ఇల్లు చూపిస్తారు. ఆ వల తాడు అలాగే ఉందంటున్నారు. దిబ్బకు నాలుగు బారలు మిగిలి ఉండగా కామమ్మ కట్టిన కడపటి పేలిక, ఎర్ర అంచుది, ఉప్పుగాలికి పీచులు పీచులుగా ఆడుతోందట.