నలభై ఒక్క కత్తెరలు

ఆ రోజు వజ్రమ్మ తెచ్చినవి నలభై కట్టలు. కట్టకు ఇరవై ఐదు బీడీలు. దయాకర్ తన వరండాలో పీట వేసుకుని కూర్చుని, ఒక్కో కట్టను వేళ్లతో నొక్కి చూసి, పదిహేడు కట్టలను పక్కనున్న గంపలో పడేశాడు. తడికి మెత్తబడ్డాయి, పనికిరావు అన్నాడు. పనికిరాని వాటికి కూలి లేదు. వాటిని తిరిగి ఇవ్వడం కూడా లేదు.

1978 శ్రావణం. నాలుగు రోజులుగా ముసురు. వజ్రమ్మ ఇంటి పెంకులు ఎక్కడెక్కడ కారుతాయో మా వాడలో అందరికీ తెలుసు. రైల్వే యార్డులో మూటలు మోస్తూ కాలు విరగ్గొట్టుకున్న మొగుడు, ఇద్దరు ఆడపిల్లలు, ఆకూ తంబాకూ, అన్నీ ఒకే గదిలో. ఆ గదిలో ఎండిన బీడీ కావాలంటే వానను ఆపాలి.

వజ్రమ్మ వంగి గంపలోంచి తన కట్టలు తీసుకోబోయింది. దయాకర్ ఆమె చేతిలోని చిన్న పుస్తకం లాక్కుని నిలువునా చించాడు. ఆకు ఇచ్చినట్టు, బీడీలు తీసుకున్నట్టు రాసే పుస్తకం అది. అది లేకపోతే రేపు ఆకు లేదు. ఆకు లేకపోతే ఆ ఇంట్లో పొయ్యి లేదు.

"పోయి ఎవలికి చెప్పుకుంటవో చెప్పుకో" అన్నాడు దయాకర్. నెల్లికుదురు వైపు భూములున్న కుటుంబం వాళ్లది. బీడీ కంపెనీ సేటు దగ్గర ఏజెన్సీ తీసుకుని జనగామకు రెండు స్టేషన్ల దూరంలో ఉన్న మా ఊళ్లో బీడీలు కట్టించేవాడు.

ఇదంతా నేను చూశాను. ఎందుకు చూశానో కూడా చెప్పాలి. నేను ఆ గంప కోసమే వెళ్లాను. పనికిరావని తీసేసిన బీడీలను దయాకర్ మేడ మీద ఆరబెట్టించి నాకు అమ్మేవాడు. నేను నా కిరాణాకొట్లో విడిగా అమ్మేవాణ్ణి. నాలుగేళ్లలో ఒక్క గిరాకీ కూడా ఈ బీడీ బాగాలేదని తిరిగి తెచ్చి ఇవ్వలేదు.

కార్మికులూ విద్యార్థులూ చదివే ఈ పత్రికలో వ్యాపారి రాయడమేమిటని మీరు అనుకోవచ్చు. దోపిడీ గురించి పుస్తకాల్లో మీరు చదివి ఉంటారు. నేను దానికి తూకంరాయి పట్టుకున్నవాణ్ణి. అది ఎంత బరువో నాకు తెలుసు.

నాలుగేళ్ల ముందు మా ఊళ్లో బీడీ కార్ఖానా ఉండేది. స్టేషన్ వెనకాల పొడుగాటి రేకుల షెడ్డు. నలభై ఒక్క మంది ఆడవాళ్లు చాపలు పరుచుకుని, ఒళ్లో చేటలు పెట్టుకుని వరసగా కూర్చునేవాళ్లు. భూపాలపల్లి అడవి నుంచి వచ్చిన తునికాకును తడిపి, కత్తిరించి, తంబాకు నింపి చుట్టేవాళ్లు. పొద్దున గంట కొడితే మొదలు, సాయంత్రం గంట కొడితే ఆఖరు. మేస్త్రీ ఎవరిదైనా కట్ట తీసి పడేస్తే వెంకటనర్సమ్మ తన కత్తెర నేల మీద పెట్టేది. అది చూసి పక్కామె పెట్టేది. రెండు నిమిషాల్లో షెడ్డులో చప్పుడు ఉండేది కాదు. మేస్త్రీ ఆ కట్టను మళ్లీ చేటలో పెట్టేదాకా ఏ కత్తెరా లేచేది కాదు.

తర్వాత బీడీ కార్మికుల చట్టం గట్టిగా అమలు చేస్తారని గాలివార్త వచ్చింది. కార్ఖానా అంటే నీళ్లు పెట్టాలి, మరుగుదొడ్డి కట్టాలి, పసిపిల్లలకు చోటు చూపాలి, సెలవులివ్వాలి. సేటు షెడ్డుకు తాళం వేయించాడు. ఇకనుంచి ఎవరింట్లో వాళ్లు కట్టుకోవచ్చని దయాకర్ తీయగా చెప్పాడు. వంట చేసుకుంటూ, పిల్లల్ని చూసుకుంటూ, ఒకరి గంటకు లేవాల్సిన పనిలేకుండా ఇంటి పట్టున పని అన్నాడు.

ఆడవాళ్లు సంతోషపడ్డారు. తాళం పడ్డ రోజు ఆ గేటు ముందే కొబ్బరికాయ కొట్టారు. వెంకటనర్సమ్మ కూడా కొట్టింది.

ఆ వారం దయాకర్ నా చేత నలభై ఒక్క కాగితాలు రాయించాడు. నా దస్తూరి బాగుంటుందని పేరు. ఫలానా ఆమె తునికాకు, తంబాకు సొంతంగా కొనుక్కుంటుంది, తను తయారుచేసిన బీడీలను సొంత ఇష్టంతో అమ్ముకుంటుంది, ఆమె ఎవరి కూలీ కాదు, చిల్లర వ్యాపారి. కింద వేలిముద్ర. సాక్షి సంతకం నాది. అసళ్లను దయాకర్ కూలీల ఆఫీసులో ఇచ్చాడు, నకళ్లు నా దగ్గరే ఉండిపోయాయి. ఆకు కోసం ఏదో రాస్తున్నారులే అనుకుని అందరూ వేలు ఒత్తారు. నాకు అర్థమైంది. కానీ ఆడవాళ్లు రోజంతా ఇళ్లలో ఉంటే ఉప్పుకూ కిరోసిన్‌కూ నా కొట్టుకే వస్తారని నా లెక్క నేను వేసుకున్నాను. నా లెక్క తప్పలేదు కూడా. దీపాలకు కిరోసిన్ రెట్టింపు పోయింది.

ఎందుకంటే ఇంట్లో గంట కొట్టేవాడు లేడు. పని మొదలు ఉంది, ఆఖరు లేదు. చిల్లుల ఆకు ఇస్తే తక్కువపడిన ఆకు వాళ్లే కొనాలి. గది వాళ్లది, నీళ్లు వాళ్లవి, దీపం వాళ్లది. పేరు ఒకరిది, చుట్టే చేతులు ముసలమ్మవీ, బడి మానేసిన పిల్లవీ. తంబాకు దుమ్ము అన్నంలో, పసివాడి ఉయ్యాలలో. సేటు ఒక్క షెడ్డు మూసి నలభై ఒక్క షెడ్లు తెరిచాడు, ఒక్కదానికీ అద్దె ఇవ్వకుండా. అన్నిటికంటే పెద్ద లాభం ఇంకోటి. ఇప్పుడు కట్టలు తీసి పడేసినప్పుడు దయాకర్ ముందు నిలబడేది ఒక్క మనిషి. ఆమె కత్తెర ఎక్కడో ఇంట్లో ఉంది.

పుస్తకం చిరిగిన మర్నాడు వెంకటనర్సమ్మ నా కొట్టుకు వచ్చింది. యాభై దాటిన మనిషి, ముక్కుసూటి. గల్లాపెట్టె మీద చేయి వేసి అడిగింది.

"సావుకారీ, వజ్రమ్మ బుక్కు చింపిండు. కూలీల ఆఫీసుకు పోతున్నం. నువ్వు రావాలె. ఆనాడు ఆ కాయితాలు రాసింది నువ్వే గద."

రానని చెప్పడానికి నా దగ్గర చాలా కారణాలు ఉన్నాయి. వజ్రమ్మ గుమ్మం దగ్గర నిలబడి కొట్లో వేలాడుతున్న విడి బీడీల పొట్లం వైపు చూస్తోంది. తన చేతి చుట్టు తనకు తెలుస్తుంది. నేను చెప్పులు తొడుక్కున్నాను.

రైలెక్కి పోయాం. ఆఫీసులో అధికారి మంచిగానే మాట్లాడాడు. ఫైలు తెప్పించి నేను రాసిన కాగితాన్నే నా ముందు పెట్టాడు. వజ్రమ్మ కూలీ కాదని, వ్యాపారి అని, వ్యాపారుల తగాదాలు ఈ ఆఫీసు చూడదని చెప్పాడు. ఇంట్లో నీడ పట్టున చేసుకునే పనికి ఇంత గొడవ ఎందుకమ్మా అని కూడా అన్నాడు.

వెంకటనర్సమ్మ తలెత్తి ఫ్యాను చూసింది. గోడ గడియారం చూసింది. మూలన ఉన్న నీళ్ల కూజా చూసింది.

"ఇంట్ల పని గంత మంచిదైతే మీరెందుకు గీడికి వచ్చిండ్రు సారూ? ఈ కాయితాలన్ని ఇంటికి కొంచవోయి రాయరాదు? అమ్మగారు వంట చేసుకుంట రెండు రాస్తది. పిల్లలు బడి మానేసి నాలుగు రాస్తరు. మీ అవ్వ గూడ మంచంల పండుకొని ముద్రలేస్తది. దీపం మీదే, సిరా మీదే. తప్పు రాసిన కాయితానికి జీతం లేదు."

గుమాస్తాలు నవ్వారు. అధికారి నవ్వలేదు. ఫైలు కట్టేశాడు.

తిరుగు రైలు స్టేషన్ ఘన్‌పూర్ దాటింది. తర్వాత వజ్రమ్మ నన్ను అడిగింది.

"నువ్వు యాపారివి గద సావుకారీ. ధర నచ్చకుంటే నీ సరుకు అమ్ముతవా?"

"అమ్మను."

"ఎవడన్న వచ్చి నీ కొట్ల పదిహేడు పొట్లాలు గంపల ఏసుకొని పైసలియ్యనంటె?"

"చెయ్యి పట్టుకుంటాను."

"మరి నేను యాపారినైతే, నా చెయ్యి ఎందుకు ఊకున్నది?"

వెంకటనర్సమ్మ మెల్లగా నవ్వడం మొదలుపెట్టింది.

ఆదివారం మధ్యాహ్నం మా కొట్టు వెనకాల గోదాంలో నలభై ఒక్క మంది కూర్చున్నారు. నేను ప్రతి కాగితం నకలూ చదివి, వేలిముద్ర ఎవరిదో చెప్పాను. తిట్టారు. పడ్డాను. తర్వాత వెంకటనర్సమ్మ లేచింది. దయాకర్ మనల్ని వ్యాపారులని రాయించుకున్నాడు కాబట్టి ఆకు మనది, బీడీ మనది, సోమవారం ఎవరూ వరండాకు పోవద్దు అంది. కట్టిన బీడీలన్నీ తీసుకుని పాత షెడ్డుకు పోదాం, అక్కడే కూర్చుని కడదాం, వజ్రమ్మకు పుస్తకం ఇచ్చేదాకా ఒక్క కట్ట కూడా బయటికి పోదు అంది.

అందరూ ఒప్పుకోలేదు. నీలి అనే ఆమె పసిబిడ్డకు పాలిస్తూ గట్టిగా అడ్డం తిరిగింది.

"నీకేంది నర్సమ్మక్కా, నీ పిల్లలు పెద్దోళ్లయిండ్రు. మా అత్త మంచం దిగది. ఈడు రొమ్ము ఇడువడు. మల్ల షెడ్డుకు రమ్మంటె వీళ్లను ఏ గంపల ఎయ్యాలె? నాకు ఇల్లే నయం."

ఆమెకు చాలామంది వంత పాడారు. ఇంట్లో ఉంటే కనీసం అన్నం మాడకుండా చూసుకోవచ్చు అన్నారు. కార్ఖానాలో మేస్త్రీ బూతులు మర్చిపోయారా అన్నారు. వెంకటనర్సమ్మ వాదించలేదు. నీలిని ఒక్కటే అడిగింది, మొన్న నీ కట్టలు ఎన్ని తీసి పడేశాడని. తొమ్మిది అంది నీలి. ఎవరితో చెప్పావని అడిగింది. ఎవరితో చెప్పాలె అంది నీలి.

"నాయి పన్నెండు" అంది వెనక నుంచి ఓదెమ్మ. "నాయి ఆరు" అంది ఇంకొకామె. ఒక్కొక్కరూ చెప్పుకుంటూ పోయారు. నాలుగేళ్లు పక్కపక్క ఇళ్లలో ఉండి, ఎవరికి వాళ్లు తమ చుట్టే బాగాలేదని సిగ్గుపడి దాచుకున్న లెక్క అది. ఆ గోదాంలో మొదటిసారి ఒకచోట పడింది. తొమ్మిదీ పన్నెండూ ఆరూ కలిసి ఎంతయ్యాయో నాకంటే బాగా ఎవరికీ తెలియదు, ఆ గంపలన్నీ కొన్నది నేనే. ఆ మాట కూడా చెప్పాను.

"బిడ్డను ఎత్తుకొనే రా" అంది వెంకటనర్సమ్మ చివరికి. "అందరం ఉంటం గద, ఒకలు కాకపోతె ఒకలు పట్టుకుంటరు. మీ అత్త కాడ మా పెద్దది కూసుంటది."

సోమవారం పొద్దున వాన వెలిసింది. షెడ్డు తాళం తుప్పుపట్టి ఉంది. వజ్రమ్మ రాయి తీసుకుని మూడు దెబ్బలు కొట్టింది. లోపల దుమ్ము, గబ్బిలాలు. ఊడ్చారు, చాపలు పరిచారు, పాత వరసల్లో పాత చోట్లలోనే కూర్చున్నారు. కట్టిన బీడీలను మధ్యలో కుప్ప పోశారు. కత్తెరలు మొదలయ్యాయి. నాలుగేళ్ల తర్వాత ఆ చప్పుడు విని నేను కొట్టు మూసి అక్కడికే పోయాను.

పదింటికి దయాకర్ వచ్చాడు. మర్నాడు సరుకు రైలుకు ఎక్కించకపోతే ఏజెన్సీ పోతుంది. అరిచాడు, బెదిరించాడు, మొగుళ్లను పిలిపిస్తానన్నాడు. ఎవరూ తల ఎత్తలేదు. పోలీసులను తెచ్చాడు. ఎస్సై కుప్పను చూసి ఇది ఎవరి సరుకని అడిగాడు.

"నాదే" అన్నాడు దయాకర్. "దొంగతనం రాసుకోండ్రి."

"నీదైతె మేమెవలం దొరా?" అంది వెంకటనర్సమ్మ.

నేను కాగితాలు ఎస్సై చేతికిచ్చాను. ఎస్సై రెండు చదివి పెదవి విరిచాడు. ఆకు వీళ్లు కొనుక్కున్నదైతే బీడీలు వీళ్లవే, సొంత సరుకును ఎవరూ దొంగిలించరు, కేసు నిలబడదు అన్నాడు. కేసు కావాలంటే సరుకు మీదని, వీళ్లు మీ దగ్గర పనిచేసేవాళ్లని రాసివ్వండి అన్నాడు.

దయాకర్ ఒకసారి కుప్ప వైపు, ఒకసారి స్టేషన్ వైపు చూశాడు. నేను వ్యాపారిని, ఆ చూపు నాకు తెలుసు. రేపటి నష్టం కళ్ల ముందుంటే మనిషి ఎల్లుండి నష్టం చూడడు. జీపు బానెట్ మీద కాగితం పెట్టుకుని తన చేత్తోనే రాశాడు. నాలుగేళ్లుగా నా కింద పనిచేస్తున్న నలభై ఒక్క మంది బీడీ కూలీలు నా సరుకు తిరిగి ఇవ్వకుండా నా కార్ఖానా తాళం పగలగొట్టారని. కింద సంతకం పెట్టాడు.

కానిస్టేబుల్ వజ్రమ్మ రెక్క పట్టుకున్నాడు. ఆమె కదలలేదు.

"సావుకారీ, ఒకపారి సదువు."

కాగితం ఎస్సై చేతిలో ఉండగానే తొంగిచూసి గట్టిగా చదివాను.

"కూలీలనే రాసిండా?"

"రాసిండు."

"దస్కత్ పెట్టిండా?"

"పెట్టిండు."

"ఇగ పా" అంది వజ్రమ్మ కానిస్టేబుల్‌తో. వెంకటనర్సమ్మ ఎవరూ పట్టుకోకుండానే వజ్రమ్మ పక్కన నడిచి జీపెక్కింది.

దయాకర్ మనుషులు సరుకు ఎత్తడానికి లోపలికి రాబోయారు. అప్పటికే ముప్పై తొమ్మిది మంది బీడీలను కొంగుల్లో మూటకట్టి చేటలు తీసుకుని లేచారు. జీపు వెనకాలే బురదలో నడిచి, ఠాణా ముందున్న మైదానంలో చాపలు పరిచారు. ఇద్దరి చోట్లు వరసలో ఖాళీగా వదిలారు. ఆ చోట్లలో వాళ్ల కత్తెరలు పెట్టారు.

నేను ఠాణా అరుగు మీద కూర్చుని ఫిర్యాదు నకలు అడిగి తీసుకున్నాను. కూలీల ఆఫీసులో ఒక్కొక్కరి పేర ఇవ్వడానికి దాన్ని నలభై ఒక్కసార్లు ఎత్తిరాయడం మొదలుపెట్టాను. ఆ పనికి ఏ ధరా అడగలేదు, అడిగే ముఖమూ లేదు. మానుకోట నుంచి, డోర్నకల్ నుంచి బీడీలు కట్టే ఆడవాళ్లు ఆ నకలు కోసం రావడం తర్వాతి వారం సంగతి.

సాయంత్రం అయిదింటికి ఎస్సై బయటికి వచ్చాడు. నేరం ఇద్దరిదేనని, మిగతావాళ్లు గొడవ చేయకుండా ఇళ్లకు పోవాలని చెప్పాడు. ఎవరూ లేవలేదు. లాఠీ నేలకు కొట్టి మళ్లీ చెప్పాడు.

ముందు వరసలో నీలి ఒళ్లోని బిడ్డను పక్కామెకు అందించి, చేటలోంచి ఇంకో ఆకు తీసుకుంది.

"ఇంటికి పోము సారూ" అంది. "మేం పని కాడనే ఉన్నం."