చివరి బండ దగ్గర సీసా

నేను ఒక సీసాను. అరలీటరు పట్టే తెల్ల ప్లాస్టిక్ సీసాను. నా తోటివాళ్ళు మందుల కొట్లలో హాయిగా వెలుగు చూస్తున్నారు. నా నుదుట మాత్రం సముద్రం అడుగున తవ్వే సొరంగం రాసిపెట్టి ఉంది.

రాతిలోంచి కారే నీటితో నన్ను అంచుదాకా నింపి, గాలి బుడగైనా మిగలకుండా మూత బిగిస్తారు. ఊపిరాడదు. ఆ నీటిని పరీక్షించేది రసాయన శాస్త్రవేత్త విశాలాక్షి. ఎటూ ఉప్పునీళ్ళే, ఇందులో చూసేదేముందని అందరూ నవ్వేవారు. ఆమె వెతికేది మెగ్నీషియం. బండలో యుగాలుగా ఇరుక్కున్న నీటిలో అది తక్కువ, సముద్రంలో ఎక్కువ. అది పెరుగుతోందంటే సముద్రానికి లోపలికి దారి దొరికిందన్నమాట.

ఆ రోజు నన్ను నింపాల్సింది డ్రిల్లు నడిపే గౌరునాయుడు. తవ్వకం జరిగే చివరి బండదాకా వెళ్ళి పట్టాలి. ఆయన దారిలోనే వంగి నన్ను పక్క కాలువలో ముంచాడు. పైన మాత్రం ‘చివరి బండ’ అని చీటీ అంటించాడు. కడుపులో అబద్ధం, నోటికి మూత. లోపల అంతమంది పనిచేస్తున్నారు, వాళ్ళకేమవుతుందోనని నాకు ఏడుపొచ్చింది. మనుషులు చీటీని నమ్మినట్టు ఇంకేదీ నమ్మరు.

విశాలాక్షి నమ్మలేదు. మెగ్నీషియం తక్కువే ఉంది గానీ, నీళ్ళలో ముంచిన పరీక్ష కాగితం ముదురు నీలమైంది.

“నాయుడుగారూ, ఈ నీటికి సిమెంటు తగిలింది, అది మెగ్నీషియాన్ని లాగేస్తుంది. చివరి బండ దగ్గర ఇంకా సిమెంటు వెయ్యలేదు కదా?”

ఆయన తల గోక్కున్నాడు. “ఆ సివరికెల్తే నీరు మొకాన కొడతాది మేడమ్. కాలవలోదీ ఆ నీరే గదేటని పట్టేసినాను.”

ఆమె తిట్టలేదు. నన్ను ఒంపేసి, ఆయన్ను వెంటబెట్టుకుని చివరిదాకా నడిచింది. బండ నీటితో నన్ను కడిగి నింపి, అక్కడికక్కడే కొంచెం తీసి పరీక్షించింది. మెగ్నీషియం ఇంచుమించు సముద్రంలో ఉన్నంత ఉంది. నాకు మూత బిగిస్తూనే, “అందరూ బయటికి!” అని అరిచింది.

ఆ పరుగులో నన్ను డ్రిల్లు యంత్రం మెట్టు మీద మరిచారు. గౌరునాయుడు వెనక్కి తిరిగాడు. “సీసా, మేడమ్!”

“సీసా పోతే పోయింది, మీరు రండి!”

నీరు ముంచుకొస్తే ఆపడానికి సొరంగానికి అడ్డంగా పెట్టిన ఇనుప తలుపు మూసుకుంది. అవతల ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలవడం వినిపించింది. అందరూ పలికారు, గౌరునాయుడు కూడా. నా పేరు ఎవరూ పిలవలేదు. ఆ తర్వాత బండ పగిలింది.

తలుపు మళ్ళీ తెరుచుకోలేదు. నా లోపలా సముద్రమే, నా బయటా సముద్రమే, మధ్యలో నేను. చీటీ ఇంకా ఊడలేదు. ‘చివరి బండ’ అనే ఉంది. ఇప్పుడది నిజం.