రాజుగారి నవలకు అట్ట

బుధవారం సాయంత్రంలోగా కావలసిన పనులు ఇవి. రాజుగారు నవలలో ఇంకో అధ్యాయం కలిపారు కాబట్టి పుస్తకం లావు పెరిగింది, అట్ట వీపు, అదే స్పైన్, వెడల్పు మళ్లీ లెక్కగట్టాలి. వెనక అట్ట మీది పరిచయంలో 'అద్భుతమైన' అనే మాట వాక్యానికొకటి ఉంది. కొన్ని తీసెయ్యాలి, తీసినట్టు ఆయనకు తెలియకూడదు. బార్‌కోడ్‌కి తెల్లగడి వదలాలి. రాజుగారి తోడల్లుడి ఫోటోలో వెనకాల కనబడుతున్న ఫ్రిజ్‌ను చెరిపెయ్యాలి. ఐస్ ఫ్యాక్టరీ ఓనరుగారు ఫోటోలో కళ్లు మూసుకున్నారు, తెరిచినది ఇంకోటి తెప్పించాలి. అలివేలుమంగ గారు అడిగినట్టు వెంకటేశ్వరస్వామిని పైన మధ్యలో పెట్టాలి. లేదా పెట్టకుండా ఉండటానికి ఒక మంచి కారణం వెతకాలి.

కృపారాణి ఇవన్నీ కాగితం మీద రాసుకుని, చివరి మూడింటినీ కొట్టేసింది. కాసేపాగి మళ్లీ రాసుకుంది. కొట్టేసినంత మాత్రాన రాజుగారి ఫోను ఆగదు కదా.

ఆమె చేసే పని పుస్తకాలకు అట్టలు వెయ్యడం. పెద్ద ప్రచురణ సంస్థలకు కాదు. సొంతంగా నవల రాసుకుని, సొంత డబ్బుతో అచ్చు వేయించుకుని, ఆన్‌లైన్‌లో పెట్టుకుని, చుట్టాలకు పంచుకునే వాళ్లకు. భీమవరంలో ఐస్ వ్యాను నడిపే విజయ్ పాల్ కూతురు ఆమె. ఆ ఇంట్లో డిగ్రీ పట్టా అందుకున్న మొదటి మనిషి. చదివింది ఇంజనీరింగే గానీ, చిన్నప్పుడు సండే స్కూల్లో చార్టుల మీద బొమ్మలు వేసిన చెయ్యి ఊరుకోలేదు. దెయ్యాల నవలలకు వేసింది, ప్రేమ నవలలకు వేసింది, హత్యల నవలలకు వేసింది. ఒక్కదాని మీదా ఆమె పేరు పడలేదు. అడిగితే 'అయ్యో, మర్చిపోయామండీ' అనేవారు. ఒకాయనైతే 'డిజైన్: ఇంటర్నెట్' అని వేయించుకున్నాడు.

ఇన్నాళ్లూ దాన్ని పెద్దగా పట్టించుకోలేదు. కానీ పోయిన నెలలో విజయవాడలో నవలలు ప్రచురించే మంజుష గారు ఫోను చేసి చెప్పిన మాటతో పరిస్థితి మారింది.

"మీ బొమ్మలు ఆన్‌లైన్‌లో చూశానండీ, బావున్నాయి. కానీ ఈ మధ్య ఎవరు పడితే వాళ్లు బొమ్మలు పంపిస్తున్నారు. మనిషి వేశాడో, కంప్యూటరుకి చెప్పి వేయించాడో తెలియట్లేదు. మీ పేరుతో అచ్చయిన పుస్తకం ఒక్కటి పట్టుకురండి. ఈ ఏడాది మా అట్టలన్నీ మీకే ఇస్తాను."

ఒక్క పుస్తకం. లోపల ఒక్క లైను. కృపారాణికి కావలసింది అంతే. సరిగ్గా అప్పుడే వేణుగోపాలరాజు గారు దొరికారు. విజయవాడ సంగతి చెప్పి, లోపల పేరు వేస్తానని ఆయన దగ్గర ముందే మాట తీసుకుంది.

రాజుగారు ఏళ్ల తరబడి రొయ్యల చెరువులు చేసి, ఇప్పుడు లీజుకిచ్చేసి, ఖాళీగా కూర్చోలేక నవల రాశారు. పేరు 'ఏరియేటర్ ఆగిన రాత్రి'. ఏరియేటరంటే చెరువు నీటిని చిలికి రొయ్యలకు గాలి అందించే యంత్రం. అది ఆగితే తెల్లారేసరికి చెరువులో రొయ్యలన్నీ చచ్చి తేలతాయి. నవలలో ఒక రాత్రి కరెంటు పోతుంది, జనరేటరు మొరాయిస్తుంది, కాపలావాడు ఊళ్లో ఉండడు. వాడి పెళ్లాం చిట్టెమ్మ టార్చి గట్టు మీద పెట్టి, నడుంలోతు నీళ్లలోకి దిగి, తెల్లారేవరకూ చేతులతో నీళ్లు కొడుతూ ఉంటుంది. కృపారాణి ఆ అధ్యాయం చదివి కళ్లు తుడుచుకుంది. అందుకే ఈ అట్ట మీద ఆమెకు అంత పట్టుదల. నల్లటి నీళ్లు, తిరగని ఏరియేటరు, గట్టు మీద చిన్న వెలుగు, నీళ్లలో వీపు మాత్రమే కనబడే ఆడమనిషి. అంతే వేసింది.

బొమ్మ పంపగానే ఫోను మోగింది.

"అమ్మా కృపా, టిఫిన్ చేశావా?"

"చేశానండి."

"బొమ్మ మహా బాగుందమ్మా. ఒక్కటే మాట. ఏరియేటరు తిరగట్లేదేంటి?"

"నవల పేరే అది కదండీ. ఆగిన రాత్రి."

"ఆయ్, నిజమేననుకో. లోపల ఆగనీ. అట్ట మీద తిరగనిద్దాం. ఆగిన ఏరియేటరు చూస్తే మావాళ్లు పుస్తకం ముట్టుకోరమ్మా, గుండె జారిపోద్ది."

వెనకనుంచి ఆయన భార్య అలివేలుమంగ గారి గొంతు వినబడింది. "ఆ నలుపేంటండీ, శుభమా అని పుస్తకం వేసుకుంటా! పసుపు రంగు వెయ్యమనండి."

ఏరియేటరును ఆపి ఉంచడానికి ఒక వారం పట్టింది. నలుపును కాపాడటానికి ఇంకో వారం. అది అయిందనుకునేసరికి ఫోటోలు రావడం మొదలైంది. పొద్దున్న లేచి వాట్సాప్ తెరిస్తే తోడల్లుడుగారు, బావమరిదిగారు, మేత డీలరుగారు, ఐస్ ఫ్యాక్టరీ ఓనరుగారు, ఒకరి తర్వాత ఒకరు చేతులు జోడించి నిలబడి ఉన్నారు. కింద రాజుగారి సందేశం: 'వీరందరినీ అట్ట మీద గుండ్రంగా పెట్టవలెను.'

ఈ వైపు సంగతి తెలియనివాళ్లకు ఇది పిచ్చిలా కనిపిస్తుంది. పెళ్లికైనా, ఓణీల ఫంక్షన్‌కైనా గేటు దగ్గర ఫ్లెక్సీ కట్టాలి. దాని మీద కావలసినవాళ్లందరి మొహాలూ గుండ్రాల్లో పడాలి. పడకపోతే పిలిచి అవమానించినట్టే లెక్క. రాజుగారి అన్నగారి మనవరాలి ఫంక్షన్‌లో తోడల్లుడి ఫోటో మర్చిపోయారట. ఆయన గేటు దాకా వచ్చి, ఫ్లెక్సీని ఈ చివర్నించి ఆ చివరి దాకా తీరిగ్గా చదివి, స్కూటరు వెనక్కి తిప్పుకుని వెళ్లిపోయారు. రెండిళ్ల మధ్యా చాలా కాలం మాటల్లేవు. అప్పట్నుంచీ రాజుగారికి ఫోటో లేని అట్ట అంటే భయం.

కృపారాణికి ఒక ఉపాయం తట్టింది. ఆయన అడిగినట్టే చేసి చూపిస్తే, ఎంత దరిద్రంగా ఉందో ఆయనకే తెలుస్తుంది. కూర్చుని గుండ్రాలన్నీ పెట్టింది. నీళ్లలో ఉన్న చిట్టెమ్మ నెత్తి మీద సరిగ్గా మేత డీలరుగారు పడ్డారు. పంపింది.

"ఇదీ అట్టంటే!" అన్నారు రాజుగారు.

కృపారాణి ఫోను మంచమ్మీదకి విసిరేసింది. అమ్మ వంటింట్లోంచి తొంగి చూసి, "ఏంటే, ఎవరైనా పోయారా?" అంది.

"నేనే పోయేటట్టున్నాను."

మర్నాడు ఆ అట్టను అసలు సైజులో ప్రింటు తీసి, పాత పుస్తకానికి తొడిగి, రాజుగారింటికి వెళ్లింది. అలివేలుమంగ గారు జంతికలు, కాఫీ తెచ్చి ముందు పెట్టారు. కృపారాణి కాఫీ ముట్టుకోకుండా లేచి, హాలు చివరికి వెళ్లి పుస్తకం పైకెత్తి పట్టుకుంది.

"రాజుగారండీ, ఇక్కణ్ణించి మీ తోడల్లుడుగారు కనబడుతున్నారా?"

ఆయన కళ్లజోడు సవరించుకున్నారు. "ఏదో మచ్చలా కనబడుతోందమ్మా."

"ఆయన్ని మచ్చలా వేశారని తెలిస్తే ఊరుకుంటారా అండీ?"

రాజుగారి మొహం పాలిపోయింది. ఈ సంగతి ఆయనకు తట్టలేదు.

"పుస్తకం జానెడండి. ఇంతమంది పెద్దవాళ్లని జానెడులో కుక్కితే మర్యాదగా ఉండదు. ఆవిష్కరణ రోజు హాలు గేటుకి ఫ్లెక్సీ కడదాం. అందరూ నిండుగా పడతారు. పుస్తకం మీద బొమ్మ ఒక్కటే ఉంచుదాం."

"మరి స్వామివారో?" అన్నారు అలివేలుమంగ గారు.

"స్వామివారు కూడా పైన ఫ్లెక్సీ మీదే ఉండాలండి. పుస్తకాన్ని బస్సులో కాళ్ల దగ్గర పెడతారు, దాని మీద కంచం పెట్టుకుని తింటారు."

"అదీ నిజమేనండోయ్," అన్నారావిడ భర్త వైపు తిరిగి. "చదువుకున్న పిల్ల. మీకేం తెలుసు!"

రాజుగారు పెద్ద బరువు దిగినవాడిలా నవ్వారు. కృపారాణి అదే అదను అనుకుంది.

"ఇంకో మాటండి. లోపల పేజీలో నా పేరు..."

"మరి! 'ముఖచిత్రం: కృపారాణి' అని. నీకు మాటిచ్చాను కదమ్మా." అచ్చుకు వెళ్లబోయే పేజీ తీసి చూపించారు కూడా. ఉంది. అన్నిటికంటే కింద, చిన్న అక్షరాల్లో. ఆమె అప్పుడు కూర్చుని చల్లారిన కాఫీ తాగింది.

ఫ్లెక్సీ పని కూడా ఆమె మీదే పడింది. పడదా మరి? ఎవరి గుండ్రం ఎవరి గుండ్రం కంటే పెద్దదిగా ఉండాలన్న దాని మీద రాజుగారు చేసినన్ని మార్పులు నవల మీద కూడా చెయ్యలేదు. చివరికి ఫైలు పెన్‌డ్రైవ్‌లో వేసుకుని వీరబాబు ఫ్లెక్సీ షాపుకి వెళితే, అతను నవ్వు ఆపుకోలేదు.

"ఏమ్మా కృపమ్మా, పుస్తకాల ఆర్టిస్టువి. మా మురికిలోకి వచ్చావేంటి?"

"నోరు మూసుకుని ప్రింటు తియ్యి వీరబాబూ."

"తీస్తాను, తీస్తాను. రాజుగారు ఇంకో చిన్న మార్పుందన్నారు. వచ్చి దగ్గరుండి చేయించుకుంటానన్నారు."

ఇంకో మార్పట. ఆమెకు అడిగే ఓపిక లేక ఇంటికి వచ్చేసింది.

ఆదివారం చర్చి నుంచి నేరుగా ఆవిష్కరణకు వెళ్లింది. హాలు గేటు దగ్గర జనం ఫ్లెక్సీ ముందు నిలబడి ఎవరి మొహాలు వాళ్లు వెతుక్కుంటున్నారు. తోడల్లుడుగారు తన గుండ్రం ముందు నిలబడి సెల్ఫీ తీసుకుంటున్నారు. అంతా ఆమె పెట్టినట్టే ఉంది, కుడివైపు కింద తప్ప. అక్కడ మేత డీలరుగారి పక్కన, గులాబీల అంచున్న గుండ్రంలో, కృపారాణి ఉంది. పెదనాన్న కూతురి పెళ్లిలో తీసిన ఫోటో. భుజం మీద ఎవరిదో చెయ్యి సగం తెగి అలాగే ఉండిపోయింది. కింద 'కుమారి కృపారాణి, బి.టెక్., కంప్యూటర్ వర్క్' అని.

నిజం చెప్పాలంటే లోపలెక్కడో కాస్త సంతోషం వేసింది. అలా వేసినందుకు తన మీద తనకే చిరాకు కలిగింది.

లోపలికి వెళ్లి పుస్తకం చేతిలోకి తీసుకుంది. అట్ట ఆమె అనుకున్నదానికంటే బాగా వచ్చింది. నలుపు నల్లగానే ఉంది, టార్చి వెలుగు నీళ్ల మీద సన్నగా పరుచుకుంది. తెరిచి ఆ పేజీ చూసింది. కృతజ్ఞతల వరుస పేజీ అడుగుదాకా దిగింది. చివరి లైనులో తోడల్లుడుగారు ఇంటిపేరుతో సహా ఉన్నారు. ముఖచిత్రం అన్న మాటే లేదు.

రాజుగారు పట్టు కండువాతో ఎదురొచ్చారు. "ఫ్లెక్సీ చూశావా అమ్మా? చెప్పకుండా వేయించాను!"

"చూశానండి. పుస్తకంలో నా పేరేదండీ?"

"అదా! మా తోడల్లుడి పేరు ఆ పేజీలో పట్టలేదమ్మా. ప్రెస్సువాళ్లు ఏదో ఒక లైను తీయమన్నారు. నీకు ఫోటోయే పడుతోంది కదా అని నీది తీయించాను. పేరు ఎవరు చదువుతారు? ఫోటో అయితే ఊరంతా చూస్తుంది."

"రాజుగారండీ, నాకు కావలసిందే ఆ లైను. విజయవాడలో చూపించాలని చెప్పాను కదండీ."

ఆయన నిజంగానే తెల్లబోయారు. ఇంతకంటే పెద్ద గౌరవం ఆయనకు తెలియదు. ఉన్నదాంట్లో పెద్దదే ఆమెకు ఇచ్చారు. ఆ సంగతి అర్థమైనందువల్ల ఆమె గట్టిగా అరవలేకపోయింది. అరవలేకపోవడం వల్ల ఒళ్లు ఇంకా మండింది.

"రెండో ముద్రణలో వేద్దామమ్మా. ఆ విజయవాడ ఆవిడ నంబరివ్వు, నేను మాట్లాడతాను."

ఫ్లెక్సీని మర్నాడే విప్పి, చెరువు గట్టు మీది మేత బస్తాల మీద కప్పారు.

కృపారాణి పుస్తకం పట్టుకుని విజయవాడ వెళ్లింది. మంజుష గారు అట్టను చాలాసేపు చూశారు.

"చాలా బావుందండీ. మీ పేరేది?"

కృపారాణి ఫోనులో ఫ్లెక్సీ ఫోటో తెరిచి చూపించింది. ఆవిడ వేళ్లతో పెద్దది చేసి చూశారు.

"ఇందులో కంప్యూటర్ వర్క్ అనుంది?"

"అదేనండి నా ఖర్మ."

ఆవిడకు నవ్వొచ్చింది, ఈమె మొహం చూసి ఆపుకున్నారు. "నేను మిమ్మల్ని నమ్ముతానండీ. కానీ నా భాగస్వాములకి కాగితం మీద చూపించాలి. మీ పేరు వేసిన పుస్తకం వచ్చాక తప్పకుండా రండి."

రాజుగారు మాట తప్పలేదు. మంజుష గారికి ఫోను చేసి అరగంట మాట్లాడారట. తన రెండో నవల గురించి.

అందుకని ఇది చదివినవాళ్లకు ఒక మనవి. రాజుగారు ఏ పెళ్లికి వెళ్లినా ఆ నవలనే చదివింపుల్లో ఇస్తున్నారు, కాబట్టి ఎప్పుడో ఒకప్పుడు మీ చేతికి రావచ్చు. వస్తే లోపలి పేజీలో వెతకకండి, దొరకదు. అట్ట చూడండి. నల్లటి నీళ్లలో వీపు కనబడుతూ ఒక ఆడమనిషి నిలబడి ఉంటుంది. ఆ బొమ్మను ఏ యంత్రమూ వెయ్యలేదు. భీమవరంలో ఐస్ వ్యాను నడిపే విజయ్ పాల్ గారి అమ్మాయి వేసింది. ఆమె పేరు కృపారాణి. దయచేసి గుర్తుపెట్టుకోండి.