ఏడో తరగతికి రెండు కథలు

నల్లగండ్ల బడిలో మెర్సీకి స్నేహితురాలంటూ ఉన్నది భూలక్ష్మి ఒక్కతే. ఇద్దరూ తెలుగు టీచర్లు. మెర్సీది బాపట్ల దగ్గర పల్లె. పెళ్లి చేసుకోలేదు. తల్లి పోయాక ఊరికి వెళ్లే పనీ లేకుండా పోయింది. లింగంపల్లిలో రాజయ్య అనే ఆయన ఇంటి మేడమీద గదిలో కిరాయికి ఉంటోంది. భూలక్ష్మిది సిద్దిపేట వైపు. మొగుడు, పిల్లలు, అత్త, ఎప్పుడూ హడావుడే. అయినా మధ్యాహ్నం స్టాఫ్ రూంలో వాళ్లిద్దరూ పక్కపక్కనే కూర్చునేవాళ్లు. "నీ గోంగూర జర ఇటియ్యి" అని భూలక్ష్మి, "ఆ సర్వపిండి అంతా నువ్వే తినకు" అని మెర్సీ.

అది ప్రత్యేక రాష్ట్రం కోసం సకల జనుల సమ్మె జరిగిన సంవత్సరం. వేసవి సెలవుల తర్వాత బడి తెరిచేసరికే స్టాఫ్ రూంలో కుర్చీలు వాటంతట అవే రెండు వైపులకి జరిగినట్టయింది. ఎవరూ ఎవరినీ ఏమీ అనలేదు. మెర్సీ లోపలికి రాగానే ఇటు పక్క మాటలు కాస్త తగ్గేవి. అటు పక్క కూర్చున్న సముద్రం వైపు జిల్లాల వాళ్లు "ఇలా రండి మేడం, మనవాళ్లందరం ఇక్కడే" అని పిలిచేవాళ్లు. ఆ 'మన' అన్న మాట ఆమెకి ఎందుకో ఇబ్బందిగా ఉండేది. ఆమె భూలక్ష్మి పక్కకే వెళ్లేది. కానీ భూలక్ష్మి టీచర్ల సంఘంతో ధర్నాలకి వెళ్లడం మొదలుపెట్టాక ఆ కుర్చీ చాలా రోజులు ఖాళీగానే ఉండేది.

అప్పుడే ప్రిన్సిపాల్ వెంకటరామయ్య ఇద్దరినీ పిలిచి, ఏడో తరగతి పిల్లలు చదువుకోవడానికి మంచి కథలు ఏరి ఒక చిన్న పుస్తకంగా చేయమన్నాడు.

"పిల్లలు ఇళ్లల్లో తెలుగు చదవట్లేదండీ. అమ్మానాన్నలు ఇద్దరూ హైటెక్ సిటీలో ఉద్యోగాలు. మనమే ఏదో చెయ్యాలి" అన్నాడు.

మెర్సీకి చాలా సంతోషమేసింది. మళ్లీ ఇద్దరూ కలిసి లైబ్రరీలో కూర్చున్నారు. నీతి మొదటి పేజీలోనే తెలిసిపోయే కథ వద్దనుకున్నారు. పిల్లల్ని ఏడిపించినా ఫరవాలేదు, విసిగించకూడదనుకున్నారు. ఆ రోజుల్లో రాష్ట్రం సంగతి వాళ్ల మధ్యకి రాలేదు.

భూలక్ష్మి ఒక కథ తెచ్చింది. కరువులో ఒక అవ్వ నీళ్ల కోసం ఖాళీ కుండతో కూతురి ఊరికి నడిచి వెళ్తుంది. అక్కడా బావి ఎండిపోయి ఉంటుంది. ఆ సంగతి కూతురు చెప్పకముందే కనిపెట్టి, "నిన్ను సూడబుద్ధయి వచ్చిన బిడ్డా" అని, ఖాళీ కుండతోనే వెనక్కి వస్తుంది. ఇంటి ముందు కట్టేసిన దూడ దగ్గర కూర్చుని, "దూపైతుందా బిడ్డా?" అని అడుగుతుంది. అక్కడితో కథ అయిపోతుంది. మెర్సీ చదివి కళ్లు తుడుచుకుంది.

మెర్సీ తెచ్చింది తమ సముద్రం ఒడ్డు కథ. తుపాను రాత్రి, తమకి మాటల్లేని పక్కింటివాళ్ల కోడిపిల్లల్ని ఒక మత్స్యకార స్త్రీ తన చీర కొంగులో పెట్టుకుని బతికిస్తుంది. భూలక్ష్మి దాన్నీ చదివింది. బాగుందని తలూపింది. తర్వాత నెమ్మదిగా అంది.

"మంచిగున్నది. కానీ మెర్సీ, మీ దిక్కు కథలు పిల్లలు ఇన్నేండ్లు చదివిండ్రు గదా. ఈ ఒక్కసారి ఆగితే ఏమైతది?"

"నా దిక్కు అని కాదు, కథ బాగుందని తెచ్చాను."

"మాది బాగలేకనా ఇన్నేండ్లు రానిది?"

రెండు కథలూ ఉంచారు. అయినా ఆ మధ్యాహ్నం ఎవరి డబ్బా వాళ్లే తిన్నారు.

సెప్టెంబరులో సమ్మె మొదలైంది. బడులు మూతపడ్డాయి, బస్సులు ఆగిపోయాయి. మెర్సీ రోజంతా గదిలోనే ఉండేది. కింద రాజయ్య ఇంటి ముందు జనం కూడి పాటలు పాడేవాళ్లు. రాజయ్య భార్య సాయమ్మ రోజూ పైకి వచ్చి "పరేషాన్ గాకమ్మా, నీకేం ఫికర్ లేదు" అని చెప్పి పోయేది. ఆ మాట చెప్పాల్సి వస్తోందన్నదే మెర్సీకి దిగులు.

ఒకరోజు వెంకటరామయ్య ఫోన్ చేశాడు.

"మెర్సీ గారూ, పుస్తకం ప్రెస్సుకి పంపాలి. ఆ అవ్వ కథలో మాటలు కాస్త మామూలు తెలుగులోకి మార్చేయండి. రాతప్రతి చూపిస్తే కొందరు పేరెంట్స్ అడుగుతున్నారు, దూప అంటే ధూపమా అని. పరీక్షలో పిల్లలు అలా రాస్తే మార్కులు పోతాయంటున్నారు."

"అది భూలక్ష్మి గారు తెచ్చిన కథ సార్."

"ఆవిడ ధర్నాలో ఉన్నారు కదండీ. మీరు చేసేయండి."

మెర్సీ కాగితం ముందు కూర్చుంది. 'దూపైతుందా బిడ్డా' కొట్టేసి, 'దాహంగా ఉందా తల్లీ' అని రాసింది. పైకి చదువుకుంది. అవ్వ స్థానంలో ఎవరో రేడియోలో మాట్లాడుతున్నట్టుంది. మళ్లీ కొట్టేసింది. భూలక్ష్మికి ఫోన్ చేసింది. అవతల నినాదాలు, డప్పులు.

"భూలక్ష్మీ, కథలో మాటలు మార్చమంటున్నారు. ఏం చెయ్యను?"

"నన్నెందుకు అడుగుతున్నవ్? ఎప్పుడన్నా ఎంచింది మీరే గదా. మీ ఇష్టం" అంది భూలక్ష్మి. ఆ చప్పుళ్లలో ఫోన్ తెగిపోయింది.

మీరు అంది. నువ్వు అని కాదు, అందరితో కలిపి. మెర్సీకి అటు పక్కవాళ్ల దగ్గరికి వెళ్లడం ఇష్టం లేదు, ఇటు పక్క ఆమెకి చోటు లేదు.

మర్నాడు నడుచుకుంటూ బడికి వెళ్లి ప్రిన్సిపాల్‌ని కలిసింది.

"మాటలు మారిస్తే కథ చచ్చిపోతుంది సార్. నేను మార్చను."

"అయితే తీసేద్దామండీ. ఈ సమయంలో గొడవెందుకు?"

"ఆ కథ తీస్తే నా కథ కూడా తీసేయండి" అంది మెర్సీ. అలా అంటే ఆయన వెనక్కి తగ్గుతాడనుకుంది.

వెంకటరామయ్య ముఖం తేటపడింది. "అదే మంచిది. ఎవరికీ ఇబ్బంది ఉండదు" అన్నాడు.

పుస్తకం వచ్చింది. నక్కలు, కాకులు, రాజులు, మంత్రులు. చక్కటి బొమ్మలు. అందులో ఎవరి ఊరూ లేదు.

బడి మళ్లీ తెరిచాక భూలక్ష్మి పుస్తకం తిరగేసి మెర్సీ దగ్గరికి వచ్చింది. మెర్సీ జరిగిందంతా చెప్పింది. ఆమె నమ్మింది. నమ్మకపోయి ఉంటే బాగుండేదేమో.

"నాది తీస్తే నీది గూడ తీసుడెందుకు?" అంది భూలక్ష్మి. గొంతులో కోపం లేదు, అలసట ఉంది. "కొట్లాడాలంటే రెండూ ఉండాలె అని కొట్లాడాలె. పోరగాండ్లకు రెండూ లేకుండ చేసినవు. నువ్వు మంచిదానివే మెర్సీ. కానీ గిది అలుగుడు, న్యాయం గాదు."

సంక్రాంతి సెలవుల ముందు భూలక్ష్మికి సొంతూరి దగ్గర ప్రభుత్వ బడిలో ఉద్యోగం వచ్చింది. వెళ్లేటప్పుడు మెర్సీని గట్టిగా పట్టుకుంది. "వస్తవా మా ఊరికి?" అని అడిగింది. "వస్తా" అంది మెర్సీ.

సెలవులు అయిన తర్వాతి వారం మెర్సీ రెండు కథల జిరాక్సులు తీసుకుని ఏడో తరగతికి వెళ్లింది. ఎవరినీ అడగలేదు. మొదట అవ్వ కథ చదివింది. ఆమె నోట్లో ఆ మాటలు సరిగ్గా పలకడం లేదని ఆమెకే తెలుస్తోంది. వెనక బెంచీలో ఇద్దరు పిల్లలు నవ్వారు. "మరి ఎలా అనాలో చెప్పండి" అంది మెర్సీ. వాళ్లు చెప్పారు. మళ్లీ చదివింది. చివరికొచ్చేసరికి నవ్వు ఆగిపోయింది. తుపాను కథ చదువుతుంటే గంట కొట్టినా ఎవరూ లేవలేదు.

తలుపు దగ్గర శిరీష అనే అమ్మాయి ఆగింది. అనంతపురం నుంచి ఆ ఏడే వచ్చింది. క్లాసులో ఎప్పుడూ నోరు తెరవదు.

"మా అవ్వ దూప అనదు మేడం. దప్పి అంటాది" అంది. కాసేపాగి, "మా ఊరి కత లేదా?" అని అడిగింది.

"వెతుకుతాను" అంది మెర్సీ.

వెతికింది. ఆ శనివారమే నగరంలోని పెద్ద లైబ్రరీకి వెళ్లి, బీరువాల మధ్య నిలబడి పాత సంకలనాలన్నీ తిరగేసింది. సాయంత్రానికి ఒకటి దొరికింది. వేరుశనగ చేలో కాపలా పడుకున్న తాత కథ. నాంపల్లిలో ఎంఎంటీఎస్ ఎక్కి, కిటికీ పక్కన కూర్చుని చదవడం మొదలుపెట్టింది. తాత నక్కతో పోట్లాడే చోట ఆమెకి నవ్వు ఆగలేదు. ఈ ముక్క వినమని అలవాటుగా పక్కకి తిరిగింది.

పక్క సీట్లో ఒక కుర్రాడు మెడలో ఆఫీసు కార్డుతో, చెవుల్లో ఇయర్‌ఫోన్లతో నిద్రపోతున్నాడు. మెర్సీ ఆ ముక్కని తనలో తనే ఇంకోసారి చదువుకుంది.